మామ్మ మళ్లీ ఘటం ఎత్తుకోలేదు

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా ఎదురింటి బౌది. ఆవిడ బెంగాలీ. వదినను వాళ్లు బౌది అంటారు. మా కాలనీలో తెలుగువాళ్లం కూడా ఆవిణ్ని అలాగే పిలుస్తాం. అమ్మవారి పండగ నాటి మధ్యాహ్నం నేను వంటగదిలో చలిమిడి ముద్దలు చేస్తున్నాను. బౌది చెప్పులు గుమ్మం బయట విడిచి, కొంగు నడుముకు దోపుకుని, నవ్వు మొహంతో లోపలికి వచ్చింది.

"శునేఛో దిదీ? తొమార్ భాయేర్ గాయే మా ఎసేఛేన్," అంది.

విన్నావా అక్కా, మీ తమ్ముడి ఒంటి మీదికి అమ్మ వచ్చింది అని. అది మా ఇంటికి శుభవార్తగానే వచ్చింది. నేనూ అలాగే అందుకున్నాను. పిండి అంటిన చేతులతోనే దేవుడి గూటి వైపు తిరిగి దండం పెట్టుకున్నాను. తల్లీ, ఇన్నాళ్లకు వీడి మీద నీకు దయ కలిగిందా అనుకున్నాను. చెంబులో పసుపునీళ్లు కలుపుకుని, నాలుగు వేపమండలు పట్టుకుని బౌది వెనకాల బయల్దేరాను.

మా సంగతి కొంచెం చెప్పాలి. మేం ఉండేది బెంగాల్లోని గార్డెన్ రీచ్‌లో, ఓడలు ఆగే డాకు గోడను ఆనుకుని. మా తాతల కాలంలో శ్రీకాకుళం సముద్రపు ఒడ్డు నుంచి ఓడల్లో సరుకు ఎత్తి దించడానికి వచ్చినవాళ్లం. కొందరు ఆ పనిలో ఉండిపోయారు, కొందరు కార్పొరేషన్‌లో చేరి రోడ్లు ఊడ్చారు. వచ్చినప్పుడు వాళ్లతో తెచ్చుకున్నది అమ్మవారిని ఒక్కదాన్నే. గోడ పక్కన చిన్న గుడి కట్టుకున్నారు. ఎండలు ముదిరాక ఏటా ఒక రోజు గంగ ఒడ్డున ఘటం నింపి, పసుపు రాసి, వేపాకు కట్టి, నెత్తిన పెట్టుకుని వీధులన్నీ తిరిగి గుడికి తెస్తాం. ఊరి నుంచి డప్పులవాళ్లు రావడం ఏనాడో మానేశారు. ఇప్పుడు ఇక్కడి బెంగాలీ ఢాకీలే వాయిస్తారు. వాళ్ల ఢాక్‌ను మావాళ్లు డోలు అనేస్తారు.

నేను బడికి వెళ్లలేదు. తెలుగు మా నాన్న ఇంట్లో నేర్పాడు, గుమ్మం పక్క గోడ మీద సుద్దముక్కతో రాసి. నలభై నిండకుండానే ఆయన పోయాడు. ఒక పొద్దున డ్యూటీకని లేచి, ఒంట్లో బాగోలేదని మళ్లీ మంచం మీద వాలాడు, అంతే. దానికి ఏ డాక్టరూ పేరు పెట్టలేదు. అమ్మ అంతకు ముందే పోయింది. తమ్ముణ్ని నేనే చంకనేసుకుని పెంచాను. నా పెళ్లయ్యాక కూడా మాతోనే ఉన్నాడు. మా ఆయన కూడా వాణ్ని కొడుకులాగే చూశాడు, అందుకు ఆయనకు నేనెప్పుడూ దండం పెట్టుకుంటాను.

వాడికి అప్పుడు ముప్ఫై రెండేళ్లు. సాల్ట్ లేక్ ఆఫీసుల్లో పనిచేసే పిల్లల్ని కారులో ఇళ్లకు దింపే ఉద్యోగం. సాయంత్రం వెళ్తే తెల్లవారాక వస్తాడు. నిద్ర ఆపుకోవడానికి సిగరెట్టు, ఆకలి ఆపుకోవడానికి రోడ్డు పక్క రోల్సు. భక్తి తక్కువ. నేను దీపం పెడుతుంటే గుమ్మంలో నిలబడి, "అప్పా, మీ అమ్మోరు నా కారుకి డీజిలు పోయిస్తాదేటి?" అనేవాడు. మావైపు అక్కను అప్ప అంటారు.

అలాంటివాడు ఆ ఏడాది మొక్కుకున్నాడు. ఒకసారి వంతెన మీద స్టీరింగు ముందు కునుకు పట్టిందట. కారు గోడకు రాసుకుని ఆగింది. వెనక సీట్లో ఉన్న అమ్మాయి నిద్ర కూడా లేవలేదట. ఆ పొద్దున ఇంటికి వచ్చి నా పక్కన కూర్చుని, "ఈసారి పండక్కి ఉపాసం ఉండి ఘటం ముందు నడుస్తాను," అన్నాడు. ఆ మధ్య మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడు. ఎడమ దవడ లాగుతోందని బుగ్గన లవంగం పెట్టుకునేవాడు. పిప్పిపన్ను అనుకున్నాం. ముప్ఫై రెండేళ్లవాడికి దవడ లాగితే ఇంకేం అనుకుంటాం.

ఇక మామ్మ. ఆవిడ మాకు చుట్టం కాదు, కాలనీ మొత్తానికి మామ్మే. భర్త పోయాడు, పిల్లలు లేరు. కార్పొరేషన్‌లో రోడ్లు ఊడ్చి రిటైరైంది. పొట్టి మనిషి, నోరు పెద్దది. తను ఊడ్చిన వీధిలో ఎవరైనా పాన్ ఉమ్మితే, వాడు డాకులో కూలీల మీద సర్దారైనా సరే, చీపురు తిరగేసి నిలబడేది. ఏడాదంతా అందర్నీ తిట్టే ఆవిడ పండగ రోజు మాత్రం ఘటం ఎత్తుకునేది. గుడి మెట్టెక్కగానే ఆవిడ మీదికి అమ్మ వచ్చేది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ ఘటం ఇంకొకరి నెత్తిన చూడలేదు.

అమ్మ వస్తే ఎలా ఉంటుందని ఒకసారి అడిగాను. అప్పటికి నాకు కొత్తగా పెళ్లయింది.

"కాలిన పెనం మీద నీళ్లు సిలకరించినట్టుంటాది. ఒళ్లంతా మండిపోద్ది. తరవాత ఏటీ గుర్తుండదు," అంది. మళ్లీ తనే, "లేసినాక మాత్రం పుట్టింటికెల్లి వొచ్చినట్టుంటాది గుంటా. నాకు పుట్టిల్లెక్కడున్నాది? ఏడాదికి ఆ ఒక్క పూటే," అంది.

ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ మొహం మీద ఉన్న వెలుగు నేను మరిచిపోలేదు. ఆవిడకు ఈ లోకంలో తనదంటూ ఉన్నది ఆ ఒక్క పూట.

అమ్మ పూనిన మనిషి విషయంలో మాకు కొన్ని కట్లున్నాయి. ఆ మనిషిని నేల మీద పడనివ్వకూడదు, రెండు వైపులా పట్టుకుని నిలబెట్టాలి. అమ్మ మాట చెప్పి చల్లబడేదాకా డోలు ఆగకూడదు. ఏం కావాలో అడగవచ్చు గాని, ఎదురు చెప్పకూడదు. ఎదురు చెప్పే హక్కు అమ్మ పూనిన ఇంకో మనిషికే ఉంటుంది.

నేను వెళ్లేసరికి మలుపు దగ్గర జనం గుంపు కట్టి ఉన్నారు. మధ్యలో మా తమ్ముడు. ఇద్దరు మగవాళ్లు చెరో జబ్బా పట్టుకుని నిలబెట్టారు. రాత్రంతా కారు నడిపి, పొద్దున్నే గంగలో మునిగి, పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా చెప్పుల్లేని కాళ్లతో ఎండలో నడిచినవాడు. తల వాలిపోయి ఉంది. ఒళ్లంతా చెమట, పంచె తడిసిపోయింది. పళ్లు బిగపట్టి వణుకుతున్నాడు. చుట్టూ ఢాక్ మోత. మాకందరికీ తెలిసిన పూనకం అలాగే ఉంటుంది.

మా కాలనీ పెద్దాయన, ఒకప్పుడు డాకులో సర్దారుగా చేసిన మనిషి, చేతులు జోడించి ముందుకు వంగాడు.

"ఎవురమ్మా నువ్వు? ఏటి కావాల తల్లీ?"

తమ్ముడి పెదాలు కదిలాయి. పెద్దాయన చెవి దగ్గర పెట్టి విని, లేచి అందరికీ చెప్పాడు. "బరువు, బరువు అంటన్నాది అమ్మ."

"మొక్కు బరువు," అంది ఒకావిడ. "ఎవురో మొక్కి తీర్చలేదు."

"ఎవురింకా, మీదే. కోడిని ఇస్తామని రెండేళ్లయిపోనాది," అంది ఇంకొకావిడ.

"మాదా? మా కోడి నిరుడే ఇచ్చీసినాం. మీ ఆయన కాలిరిగినప్పుడు మొక్కినావు సూడు, అది ఏటయినాది?"

"అది కోడి కాదు, చీర."

"చీరైతే మరీ బరువు."

కొందరు నవ్వారు. నేను జనంలోంచి దారి చేసుకుని వెళ్లి తమ్ముడి పాదాల మీద పసుపునీళ్లు పోసి కళ్లకద్దుకున్నాను. పైకి చూస్తే వాడి కళ్లు సగం మూసుకుని ఉన్నాయి. నన్ను గుర్తు పట్టలేదు. అమ్మ ఉంది కదా, వీడెలా గుర్తు పడతాడు అనుకున్నాను.

అప్పుడు వెనక నుంచి మామ్మ వచ్చింది, నెత్తిన ఘటంతో. గుడి చేరేదాకా ఘటం నేలకు దించకూడదు. ఆవిడ నా ముందు ఆగి, ఏమీ చెప్పకుండా ఘటం ఎత్తి నా నెత్తిన పెట్టింది. నా రెండు చేతులూ దానికే సరిపోయాయి. ఇక నేను కదలడానికి లేదు, నిలబడి చూడటమే.

మామ్మ తమ్ముడి చెయ్యి పట్టుకుంది. నుదురు తాకింది. ఛాతీ మీద అరచెయ్యి ఆనించి కొంచెంసేపు అలాగే ఉంచింది. వాడేదో అన్నాడు, ఆవిడ వింది. తర్వాత రెండడుగులు వెనక్కి వేసి జడ విప్పుకుంది. తల వంచి ఒక్క క్షణం ఊరికే నిలబడింది. అప్పుడు ఊగడం మొదలుపెట్టి, ఆ గొంతు ఎత్తింది. మాకందరికీ ఏటా తెలిసిన గొంతు, మామ్మ గొంతుకంటే లోతుగా, గంభీరంగా ఉండేది.

"డోలు ఆపండి."

ఢాకీలు ఆపేశారు. ఒక్కసారిగా రేవులో క్రేను తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

"ఈడు నా కొడుకు. ఈణ్ని పడుకోబెట్టండి."

పట్టుకున్నవాళ్లు పెద్దాయన వైపు చూశారు. ఆయన తడబడ్డాడు. "పూనినోణ్ని పడుకోబెట్టకూడదు గదా తల్లీ."

"ఆ కట్టు ఎవుడు పెట్టినాడు? నేనా? పడుకోబెట్టరా."

పడుకోబెట్టారు.

"ఇప్పుడు ఆస్పత్రికి ఎత్తుకెల్లండి."

జనంలో గుసగుసలు లేచాయి. "అమ్మోరు ఆస్పత్రి అంటాదేటి?" అంది చీర మొక్కు ఆవిడ. "ఊరుకోయే, కాలాన్ని బట్టి ఆవిడా మారొద్దేటి," అంది కోడి మొక్కు ఆవిడ. పెద్దాయన మళ్లీ చేతులు జోడించాడు.

"ఏ ఆస్పత్రికి తల్లీ?"

"దగ్గరున్నదానికి. దారి కూడా నన్నే అడుగుతావేటిరా, సన్నాసి ఎదవా."

ఎవరో నవ్వాపుకోలేక నోట్లో తువ్వాలు కుక్కుకున్నారు. పెద్దాయన మాత్రం లెంపలు వేసుకున్నాడు. పాన్ ఉమ్మినందుకు ఆ తిట్టు మామ్మ నోట ఆయన ఎన్నిసార్లు తిన్నాడో. ఆ రోజు మాత్రం ప్రసాదంలా పుచ్చుకున్నాడు.

తమ్ముడి కారు సందు మొదట్లోనే ఉంది. తాళంచెవి వాడి మొలతాడుకు కట్టుకుని ఉన్నాడు. బౌది భర్త ఆటో నడుపుతాడు, మేం దాదా అంటాం. ఆయనే స్టీరింగు ముందు కూర్చున్నాడు. మామ్మ వచ్చి నా నెత్తి మీది ఘటం తీసుకుని తన నెత్తిన పెట్టుకుంది. "ఎల్లు," అంది నాతో, మామూలు గొంతుతో. ఆ తేడా అప్పుడు నా చెవికి పట్టింది గాని, మనసుకు పట్టలేదు.

వెనక సీట్లో వాడి తల నా ఒళ్లో పెట్టుకున్నాను. ఆ రోడ్డు మీద ఎప్పుడూ పోర్టుకు వెళ్లే ట్రైలర్లు బారులు తీరి ఉంటాయి. దాదా హారన్ మీది నుంచి చెయ్యి తియ్యలేదు. బౌది ముందు సీటు కిటికీలోంచి నడుం దాకా బయటికి వంగి, "అమ్మవారి ఆజ్ఞ, దారివ్వండి," అని బెంగాలీలో ఒక్కొక్క డ్రైవర్నీ తిట్టుకుంటూ వచ్చింది. అంత పెద్ద ట్రైలర్లు పక్కకు జరిగాయి. ఆ డ్రైవర్లెవరో నాకు తెలియదు. వాళ్లు చల్లగా ఉండాలి.

తమ్ముడు కళ్లు తెరిచాడు. "అప్పా," అన్నాడు.

"ఉన్నానురా."

"నా ఛాతీ మీద అమ్మ కూకున్నాది. ఇంత బరువేటప్పా? దిగమను."

దిగమ్మా, దిగమ్మా అని వాడి ఛాతీ నిమురుతూ కూర్చున్నాను. అప్పటికీ నేను అమ్మనే బతిమాలుతున్నాను. నా చేతికి వాడి చెమట చల్లగా, జిగటగా తగిలింది. అప్పుడు భయం వేసింది.

ఆస్పత్రిలో వాణ్ని చూసిన డాక్టరమ్మకు వాడి వయసే ఉంటుంది. నొప్పి ఎప్పుడు మొదలైందని అడిగింది. నేను నోరు తెరిచేలోపే బౌది, "ఢాక్ మొదలైనప్పుడు," అంది. ఆ డాక్టరమ్మ నవ్వలేదు. "ఢాక్ ఎప్పుడు మొదలైంది?" అని అంతే నిదానంగా అడిగింది. నర్సు స్పిరిటు దూదితో వాడి ఛాతీ మీది పసుపు, కుంకుమ తుడిచింది. అవి ఉంటే ఈసీజీ తీగల బిళ్లలు అతుక్కోవట. దూది పచ్చగా, తర్వాత ఎర్రగా అయింది. ఆ దూదిని ఆవిడ చెత్తబుట్టలో పడేయకుండా విడిగా ఒక కాగితంలో చుట్టి నా చేతికిచ్చింది. "పూజది కదా," అంది. ఆ నర్సు పిల్ల పేరు కూడా నేను అడగలేదు.

గుండెపోటు అన్నారు. గుండెకు వెళ్లే నాళం ఒకటి మూసుకుపోయిందట. చేతి దగ్గర నుంచి సన్నటి తీగ పంపి, బుడగతో తెరిచి, లోపల స్టెంటు పెట్టారు. మా ఆయన డ్యూటీ నుంచి యూనిఫారంతోనే పరిగెత్తుకొచ్చాడు. తలుపు బయట బెంచీ మీద నేను నాకు వచ్చిన స్తోత్రాలన్నీ చదువుకున్నాను. పక్కన ఒక తల్లి కూర్చుని ఉంది. ఆవిడ కొడుకు ఇంటింటికీ భోజనం తెచ్చిచ్చే కుర్రవాడు. "వాడికి గుండెనొప్పి ఏంటమ్మా, నిన్నగాక మొన్న ఫుట్‌బాల్ ఆడాడు," అని నాకు చెబుతోంది, నేనేదో జవాబు చెప్పగలను అన్నట్టు. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ కొడుక్కి ఏమైందో నాకు తెలియదు. ఇప్పటికీ నా దీపం ముందు వాడి కోసం కూడా అడుగుతాను.

డాక్టరమ్మ బయటికి వచ్చి, గండం గడిచింది అని చెప్పాక అడిగింది. "ఆలస్యం చేయకుండా తెచ్చారు. ఎవరు తీసుకెళ్లమన్నారు?"

"అమ్మవారు," అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. "అయితే ఆవిడకు నా నమస్కారం చెప్పండి. కుర్రవాళ్లయితే ఇంట్లోవాళ్లు ఇది గుండె అనుకోరు. తగ్గుతుందిలే అని కూర్చుంటారు. తీసుకొచ్చేసరికి మా చేతిలో ఏమీ ఉండదు," అంది. తర్వాత మా నాన్న గురించి, సిగరెట్ల గురించి, నిద్ర గురించి అడిగింది. లవంగం సంగతి చెబితే తలాడించి, ఎడమ దవడ, ఎడమ చెయ్యి, వీపు, గుండెనొప్పి అక్కడ కూడా కనబడుతుంది అంది. మా ఇంట్లో ఆ దవడకు వారం పైగా లవంగం పెట్టాం.

తమ్ముడు ఇంటికి వచ్చిన రోజు మామ్మ చూడటానికి వచ్చింది. వాడు మంచం మీది నుంచి దిగబోయాడు.

"ఏరా, బతికినావా?"

"అమ్మే బతికించినాది మామ్మా. నీ కాళ్లేవీ, దండం పెడతాను."

"నా కాళ్లెందుకు? ఆ సిగరెట్టు డబ్బా ఇటియ్యి."

వాడు తలగడ కింది నుంచి తీసి ఇచ్చాడు. నాకు తెలియకుండా అది అక్కడికి ఎలా వచ్చిందో, ఆ సంగతి ఆవిడకెలా తెలుసో నేను అడగలేదు. ఆవిడ ఆ డబ్బా నలిపి కొంగులో కట్టుకుంది. మళ్లీ వాడు సిగరెట్టు ముట్టలేదు. అమ్మ మాట మీద మానేశాను అని తోటి డ్రైవర్లకు చెప్పుకునేవాడు. రాత్రి డ్యూటీ మాని పగటి బండి అడిగి తెచ్చుకున్నాడు.

కాలనీలో కూడా మార్పు వచ్చింది. ఎవరికైనా ఛాతీ బరువెక్కిందంటే, "అమ్మోరు ఏటన్నాది? దగ్గరున్న ఆస్పత్రికి అన్నాది," అని బయల్దేరేవారు. రేవులో బస్తాలు మోసే కుర్రవాణ్ని ఒకణ్ని అలాగే తీసుకెళ్లారు, వాడూ బతికాడు. అప్పుడు పెద్దాయన గుడి దగ్గర నిలబడి, "నాతోనే అన్నాది అమ్మ. సన్నాసి ఎదవా అని కూడా అన్నాది," అని గర్వంగా చెప్పుకున్నాడు. మామ్మ ఆ మాటలు వచ్చినప్పుడల్లా చీపురు తీసుకుని అవతలికి వెళ్లిపోయేది. పొగడ్త ఆవిడకు గిట్టదనుకున్నాను.

మళ్లీ ఎండలు వచ్చాయి, పండగ దగ్గర పడింది. మామ్మ ఘటం ఎత్తనంది. నడుం నొప్పి అంది.

"నువ్వు గాకపోతే ఎవురెత్తుతారే?" అని పెద్దాయన బతిమాలాడు.

"నువ్వెత్తు. నీ నెత్తి కాళీగానే ఉన్నాది గదా."

ఆయన చివరికి నన్ను పంపాడు. నీ తమ్ముణ్ని బతికించిన ఘటం, నువ్వడిగితే కాదనదు అన్నాడు. నేను వెళ్లేసరికి ఆవిడ గదిలో నేల మీద కూర్చుని, చింతపండుతో ఆ ఇత్తడి ఘటాన్ని తోముతోంది. తోమడం ఆపకుండానే చెప్పింది.

"ఆ రోజు అమ్మ నా మీదికి రాలేదే."

నాకు అర్థం కాలేదు. ఏ రోజు అన్నాను.

"నీ తమ్ముడు పడిపోయినప్పుడు. ఆడి చెయ్యి పట్టుకుంటే ఐసుగడ్డలాగున్నాది. అమ్మొస్తే ఒళ్లు కాలిపోద్ది, నాకు తెల్దేటి? చెయ్యి లాగేస్తంది మామ్మా అన్నాడు నాతో. ఇది అమ్మ కాదురా అని నేను సెప్తే ఆ మూక ఇంటాదా? ఇంకొకడి మీదికి అమ్మొస్తే ముసల్ది ఓర్చలేకపోతన్నాది అందురు. డోలు ఆపరు, పడుకోబెట్టరు. అందుకని ఆవిడ గొంతు నేను ఎత్తినాను."

నేను ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"జుట్టు ఇప్పుకున్నాక అడిగినానే," అంది. "అమ్మా, ఇప్పుడు రా, నువ్వే సెప్పు, నా సేత దొంగమాట సెప్పించకు అని. రాలేదు. ఈడు సూస్తే నీలంగా అయిపోతన్నాడు. ఎంతసేపని సూస్తాను?"

తల వంచి ఊరికే నిలబడిన ఆ క్షణం నాకు గుర్తొచ్చింది.

"గుడికాడికెల్లినాక వొస్తాదనుకున్నాను. ఏటా మెట్టెక్కగానే వొచ్చీది. ఘటం దించి కూకున్నాను. ఆళ్లు డోలు వాయించి వాయించి టీ తాగడానికెల్లిపోనారు. రాలేదు."

"మామ్మా, ఆవిడ పనే నువ్వు సేసినావు గదా. ఆవిడకి కోపమెందుకుంటాది?" అన్నాను.

"అది నువ్వు సెప్తే ఎలగే? ఆవిడ సెప్పాల."

"ఈసారి ఎత్తితే వొస్తాదేమో."

"రాకపోతే? అందరూ నా మొకం సూస్తారు. అప్పుడు మళ్లీ దొంగగొంతు ఎత్తాల. బిడ్డ కోసం ఓసారి ఎత్తినాను, అది ఆవిడా నేనూ సూసుకుంటాం. పరువు కోసం మాత్రం ఎత్తను."

నేను ఏడుస్తుంటే ఆవిడ తోముడు ఆపి, చింతపండు చేత్తోనే నా గడ్డం పట్టుకుంది. "నీ తమ్ముడికి సెప్పకు. అమ్మ మాటని ఆడు సిగరెట్టు మానినాడు. కాలనీ అంతా ఆస్పత్రికి పరిగెడతన్నాది. ఈ ముసల్దాని మాటని తెలిస్తే మళ్లీ పసుపునీళ్లు పోసుకుని కూకుంటారు. నేను పోయినాక సెప్పుకో, అప్పటికి అలవాటయిపోద్ది." తర్వాత ఘటం తుడిచి నా ముందు పెట్టింది. "నువ్వెత్తు. ఓసారి నీ నెత్తిన పెట్టినాను, దానికి నువ్వు తెలుసు."

అలా ఆ ఏడాది నుంచి ఘటం నేను ఎత్తుతున్నాను. నా మీదికి అమ్మ ఎప్పుడూ రాలేదు. మోస్తాను, అంతే. మామ్మ పండగకు ముందు రోజు గుడి ముంగిలి ఊడ్చేది. ఊరేగింపు వచ్చేసరికి కుళాయి దగ్గర గట్టు మీద ఒక్కత్తే కూర్చునేది. నేను మెట్టెక్కుతున్నప్పుడు ఒకసారి అటు చూశాను. డోలు మారుమోగుతోంది. ఆవిడ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, బండి కోసం ఎదురుచూసే మనిషిలా ఉంది. ప్రతి ఏడూ అలాగే కూర్చుంది. రాత్రి దీపం ముందు నా కోసం నేను అడగడం అప్పటి నుంచీ తగ్గింది. మామ్మ పుట్టింటికి ఒక్కసారి కబురు పంపు తల్లీ అని అడిగేదాన్ని.

మొన్న చలికాలంలో ఆవిడకు జ్వరం వచ్చింది. నేను పక్కన కూర్చుని నుదుటి మీద తడిగుడ్డ వేస్తున్నాను. కళ్లు మూసుకునే అడిగింది.

"ఒళ్లెలగున్నాదే?"

"కాలిపోతన్నాది మామ్మా."

"అలగా," అంది. తడిగుడ్డ తీసేయమని చెయ్యి ఊపింది. ఆవిడ మొహం చూస్తే, నా కొత్త పెళ్లి రోజుల్లో పెనం మాట చెప్పినప్పటి మొహమే.

తమ్ముడు వచ్చి, ఆవిడ తిడుతున్నా వినకుండా, ఎత్తుకుని తన కారులో ఆస్పత్రికి తీసుకెళ్లాడు. దగ్గరున్నదానికే. అక్కడ మూడో పొద్దున ఆవిడ పోయింది. ఊపిరితిత్తుల్లో నిమ్ము అన్నారు డాక్టర్లు. వాళ్లు చెప్పింది నిజం. నాకు తెలిసింది వాళ్లకు చెప్పడానికి నేనెవరిని.

కర్మ అయ్యాక తమ్ముడికి అంతా చెప్పాను. "అయితే సిగరెట్టు మళ్లీ మొదలెట్టొచ్చన్నమాట," అన్నాడు. నేను చెయ్యెత్తాను. వాడు నా చెయ్యి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. మర్నాడు వాడు డ్యూటీకి వెళ్లే ముందు గుడి ముంగిట్లో చీపురు చప్పుడు వినిపించింది. మామ్మ ఊడ్చినట్టు లేదు, దుమ్మంతా మా ఇంటి వైపే తోశాడు. రోజూ తోస్తున్నాడు. దేవుడి దయ వల్ల తోస్తున్నాడు.

వాడికి తెలుగు సరిగా చదవడం రాదు. ఇది కూడా నేనే చదివి వినిపించాలి. మీరు చదవగలరు గనక మిమ్మల్ని అడుగుతున్నాను. చల్లటి చెమట పట్టి, ఛాతీ బరువంటూ ఏ కుర్రవాడైనా మీ ముందు కూలబడితే, వాడి వయసు చూడకండి, ముందు ఆస్పత్రికి తీసుకెళ్లండి. తర్వాత ఎప్పుడైనా తీరిగ్గా దీపం వెలిగించినప్పుడు, అది ఏ దేవుడి దీపమైనా సరే, గార్డెన్ రీచ్‌లో వీధులూడ్చిన మా మామ్మను ఒక్కసారి తలుచుకోండి. ఆవిడ పేరున దీపం పెట్టడానికి సొంతవాళ్లు ఎవరూ లేరు.